ఫ్రాన్స్‌లో రాస్తారోకోలు: లారీ డ్రైవర్లకూ ప్రయాణికులకూ తరచుగా వచ్చే సందేహాలు

ఫ్రాన్స్‌లో ట్రాక్టర్లు హైవే ఎక్కాయన్న వార్త రాగానే ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. పారిస్‌లో చదువుకునే పిల్లల తల్లిదండ్రులు, లండన్ నుంచి కారులో బయలుదేరిన కుటుంబాలు, షెంగెన్ వీసా మీద టూర్‌కు వచ్చినవాళ్లు, పోలండ్, లిథువేనియా కంపెనీల్లో చేరి యూరప్ అంతా లారీ తోలుతున్న మన దేశపు డ్రైవర్లు, అందరివీ ఇంచుమించు అవే సందేహాలు. అందుకే జవాబులు ఒకచోట రాసిపెట్టాను. కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి.

## అసలు జరిగేదేమిటి

ఫ్రాన్స్‌లో ఎవరికి కోపం వచ్చినా రోడ్డే ఎందుకు ఆపుతారు?

చాలాసార్లు అనుకున్నది సాధించారు కాబట్టి. 1996 నవంబరులో లారీ డ్రైవర్లు 12 రోజులు రోడ్లు దిగ్బంధించి, ఏళ్ల తరబడి లారీ నడిపినవాళ్లకు 55 ఏళ్లకే పని మానుకునే వీలు తెచ్చుకున్నారు. 2013లో బ్రిటనీ ప్రాంతంలో ఎర్ర టోపీలవాళ్లు లారీలపై పన్ను వేసే కెమెరా కమానులను పడగొడితే, ప్రభుత్వం ఆ ఏడాది అక్టోబరులోనే పన్నును నిలిపివేసింది. 2018 నవంబరు 17న పసుపు జాకెట్లవాళ్లు రౌండబౌట్ల మీదికి వచ్చారు. మూడు వారాలు తిరగకముందే ఇంధన పన్ను పెంపు పోయింది. 2024 జనవరిలో రైతులు హైవేలెక్కితే, వ్యవసాయ డీజిల్ మీద పన్ను పెంపును ప్రధాని గాబ్రియేల్ అత్తాల్ అదే నెల 26న వెనక్కి తీసుకున్నారు.

ప్రతిసారీ గెలిచారని కాదు. లైసెన్సుకు పాయింట్ల పద్ధతి వద్దంటూ 1992 వేసవిలో లారీలు దేశమంతా స్తంభింపజేశాయి. అయినా ఆ పద్ధతి ఇవాళ్టికీ ఉంది.

రోడ్డు పూర్తిగా మూసేస్తారా, కొద్దికొద్దిగా వదులుతారా?

నాలుగు రకాలు కనిపిస్తాయి. మొదటిది పూర్తి దిగ్బంధం: ట్రాక్టర్లు, గడ్డిమోపులు, టైర్లు, పేడకుప్పలు అడ్డంగా పడతాయి, ఏదీ కదలదు. రెండోది వడపోత, ఫ్రెంచివాళ్లు బరాజ్ ఫిల్ట్రాన్ అంటారు. కార్లను కాసేపు ఆపి, కరపత్రం చేతిలో పెట్టి వదులుతారు, లారీలను మాత్రం పక్కన నిలబెడతారు. మూడోది నత్త ఆపరేషన్: అన్ని వరుసల్లోనూ వాహనాలు పక్కపక్కనే చేరి నడక వేగంతో సాగుతాయి. నాలుగోదానిలో టోల్ గేట్లు ఎత్తేసి అందర్నీ ఊరికే పంపుతారు.

మీరు ఎన్ని గంటలు ఆలస్యమవుతారన్నది దీన్ని బట్టే ఉంటుంది. వడపోతలో కారుకు పోయేది తరచుగా గంటలోపే, లారీకి రోజంతా పోవచ్చు. నత్త ఆపరేషన్ ముగింపు సమయం ముందే చెబుతారు కనుక టీ తాగి బయలుదేరితే సరిపోతుంది. పూర్తి దిగ్బంధం మాత్రం రోజుల తరబడి సాగవచ్చు. 2024 జనవరిలో టూలూజ్ దగ్గర కార్బోన్ ఊరి వద్ద ఏ64 హైవే మీద మొదలైంది అలాంటిదే.

ఇది చట్టవిరుద్ధం కాదా? పోలీసులు చూస్తూ ఎందుకు నిలబడతారు?

ప్రదర్శన చేసుకునే హక్కు ఉంది, ముందుగా అధికారులకు తెలియజేయాలి. వాహనాలను ఆపేలా రోడ్డుకు అడ్డం పెట్టడం మాత్రం నేరమే. ఫ్రెంచి మోటారు వాహనాల చట్టంలోని ఎల్412-1 సెక్షన్ ప్రకారం 2 ఏళ్ల వరకూ జైలు, 4,500 యూరోల వరకూ జరిమానా. డ్రైవింగ్ లైసెన్సులోని 12 పాయింట్లలో సగం పోతాయి.

కానీ బారికేడ్ ఎప్పుడు తీయించాలన్నది ప్రిఫెక్ట్ చేతిలో ఉంటుంది. ఈ అధికారి మన కలెక్టరు లాంటివాడు. వందల ట్రాక్టర్ల మీదికి బలగాలను పంపడం కన్నా మాట్లాడి పంపించడమే మేలని ఎక్కువమంది భావిస్తారు. 2024 జనవరి 29న రైతులు పారిస్ చుట్టూ 8 చోట్ల హైవేలు మూసినప్పుడు ప్రభుత్వం 15,000 మంది పోలీసులను దించింది గాని, బారికేడ్లను వెంటనే ఎత్తలేదు. రెండు విమానాశ్రయాలూ, రూంజిస్ టోకు మార్కెట్టూ జోలికి రావద్దని మాత్రం గీత గీసింది. మార్కెట్ దగ్గర సాయుధ శకటాలు నిలిపారు, లోపలికి చొరబడినవాళ్లను అరెస్టు చేశారు. రైతు సంఘాలంటే పాలకులకు మెతకదనం ఎక్కువని, అదే పని విద్యార్థులు చేస్తే లాఠీ లేస్తుందని అక్కడివాళ్లే అంటుంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు.

## బయలుదేరే ముందు

రేపు రోడ్డు మూస్తారో లేదో ముందే ఎలా తెలుస్తుంది?

పెద్ద ఆందోళనలు చెప్పాపెట్టకుండా రావు. ఎఫ్‌ఎన్‌ఎస్‌ఈఏ, కోఆర్డినాసియోఁ రూరాల్ లాంటి రైతు సంఘాలు ఏ హైవే, ఏ ఎగ్జిట్, ఎన్ని గంటలకు అన్నది ఒకటి రెండు రోజుల ముందే ప్రకటిస్తాయి. స్థానిక పత్రికలు ఆ జాబితా వేస్తాయి. రోడ్ల పరిస్థితికి ప్రభుత్వ సర్వీసు బిజోఁ ఫ్యుతే ఉంది. జిల్లావారీ ఆంక్షలు ప్రిఫెక్చర్ ప్రకటనల్లో ఉంటాయి. హైవే ఎక్కాక రేడియో 107.7 ఎఫ్‌ఎం పెట్టుకోండి.

ఫోనులో మ్యాప్‌ను పూర్తిగా నమ్మకండి. హైవే మూతపడగానే అది అందర్నీ ఒకే పల్లెటూరి రోడ్డు మీదికి తోస్తుంది, అరగంటలో అదీ నిండిపోతుంది. ఇక కారు మ్యాప్ చూపించిన అడ్డదారిలో లారీ దూరితే, బరువు పరిమితి ఉన్న వంతెన దగ్గరో, తక్కువ ఎత్తున్న బ్రిడ్జి కిందో ఇరుక్కుంటుంది. లారీని 20 మీటర్లు వెనక్కి తీయాలంటే పోలీసుల సాయం కావాలి.

పారిస్ ఎయిర్‌పోర్టుకు కారులో వెళ్లాలా, రైల్లోనా?

ఆందోళన రోజుల్లో రైలే. షార్ల్ ద గోల్ విమానాశ్రయానికి ఆర్‌ఈఆర్ బి లైను ఉంది. ఓర్లీకి 2024 జూన్ నుంచి మెట్రో 14 నేరుగా వెళ్తుంది. హైవేలు మూతపడ్డా ఇవి నడుస్తాయి, రైల్వేవాళ్లు కూడా సమ్మెలో లేకపోతే. 2025 సెప్టెంబరు 10న "అంతా ఆపేద్దాం" పిలుపు ఇచ్చినట్టు అందరూ కలిసిన రోజైతే రెండూ సరిచూసుకోండి.

ట్యాక్సీవాళ్ల ఆందోళన వేరే కథ. వాళ్లు ఎంచుకునేదే ఎయిర్‌పోర్టు దారి. 2015 జూన్ 25న ఉబర్‌కు వ్యతిరేకంగా, 2025 మే నెలలో వైద్య ప్రయాణాల చెల్లింపుల గొడవలో, అదే చేశారు.

లండన్ నుంచి కారులో కాలే మీదుగా వస్తున్నాం. ఏం చూసుకోవాలి?

ఫ్రాన్స్ తీరంలోని కాలే దగ్గర ఏ16, ఏ26 హైవేలు రెండూ ఓడరేవుకూ, ఇంగ్లండ్‌కు సముద్రం కింద నుంచి వెళ్లే సొరంగ రైలుకూ దారి ఇస్తాయి. అక్కడ చిన్న అడ్డంకి వచ్చినా సముద్రానికి రెండువైపులా లారీలు పేరుకుపోతాయి. ఇంగ్లండ్ వైపు కెంట్ జిల్లాలో లారీలను ఎం20 రోడ్డు మీదే వరుసగా నిలిపే ఏర్పాటు ఉంది, ఆపరేషన్ బ్రాక్ అంటారు. అది అమల్లో ఉంటే కార్లు కూడా నెమ్మదిస్తాయి.

టికెట్ సమయం దాటిపోతుందని తోచిన వెంటనే ఫెర్రీ కంపెనీకో, సొరంగం కంపెనీకో చెప్పండి. చాలా సందర్భాల్లో తరువాతి దాంట్లో సర్దుతారు. చెప్పకుండా మర్నాడు వెళ్లి వాదిస్తే ఆ అవకాశం తగ్గుతుంది.

పెట్రోలు దొరకకుండా పోతుందా?

రోడ్డు ఆపినంత మాత్రాన కాదు. చమురు డిపోలనో, రిఫైనరీలనో ముట్టడిస్తేనే బంకులు ఎండుతాయి. 2000 సెప్టెంబరులో లారీ యజమానులు, రైతులు అదే చేశారు, ఆ సెగ బ్రిటన్‌కూ పాకింది. 2022 అక్టోబరులో రిఫైనరీ కార్మికుల సమ్మెతో బంకుల ముందు బారులు తీరారు. అలాంటప్పుడు డబ్బాల్లో పోయడం నిషేధిస్తారు, కొన్ని బంకులను అంబులెన్సులకూ వైద్య సిబ్బందికీ కేటాయిస్తారు. అద్దె కారైతే ట్యాంకు సగానికి దిగకముందే నింపుకోండి.

## దారిలో చిక్కుకున్నాక

ముందు ట్రాక్టర్లు అడ్డంగా ఉన్నాయి. పక్క నుంచి దూరిపోవచ్చా?

వద్దు. ఎంత తొందరున్నా వద్దు. పసుపు జాకెట్ల ఉద్యమం తొలిరోజే, కూతుర్ని ఆస్పత్రికి తీసుకెళ్తున్న ఒక మహిళ చుట్టూ జనం మూగడంతో కంగారుపడి కారు ముందుకు పోనిచ్చింది. నిరసనకారుల్లో ఒకామె చనిపోయింది. ఆ ఉద్యమ కాలంలో పోయిన ప్రాణాల్లో ఎక్కువ భాగం పోలీసు ఘర్షణల్లో కాదు, బారికేడ్ల దగ్గరి రోడ్డు ప్రమాదాల్లోనే. 2024 జనవరి 23 తెల్లవారకముందు పామియే దగ్గర మూసిన రోడ్డు మీదికి వచ్చిన కారొకటి గడ్డిమోపుల గోడను గుద్దుకుని వెళ్లింది. ఒక మహిళా రైతు, ఆమె కూతురు చనిపోయారు.

అద్దం దించండి, ఇంజను ఆపండి, నమస్కారంగా ఒక బోంజూర్ చెప్పండి. విమానం ఉంటే టికెట్ చూపించండి. వడపోత రకం బారికేడ్ల దగ్గర పసిపిల్లలున్న కార్లను ముందు వదలడం మామూలే. వ్యతిరేక దిశలో వెనక్కి రావడం, ఎమర్జెన్సీ వరుసలో దూసుకెళ్లడం మాత్రం పోలీసుల ఎదుట మీ నేరమే అవుతుంది.

హైవే మీద గంటల తరబడి ఆగిపోతే తిండి, నీళ్లు, బాత్రూమ్ సంగతేంటి?

ఎగ్జిట్ ఇంకా రాకముందే బోర్డు మీద హెచ్చరిక కనిపిస్తే దిగిపోవడం మేలు. హైవే మధ్యలో చిక్కుకున్నాక దిగే దారి ఉండదు. సర్వీస్ ఏరియా కనిపిస్తే, లోపల చోటుంటే, అందులోకి పోనివ్వండి. అక్కడ ఆగిన మూడు గంటలు, నడిరోడ్డున ఆగిన మూడు గంటలు ఒకటి కావు.

మనిషికి లీటరున్నర నీళ్లు, చలికాలమైతే దుప్పటి, ఫోను చార్జరు బండిలో ఉండాలి. కారు దిగేటప్పుడు పసుపు జాకెట్ వేసుకోండి. 2008 నుంచి ఫ్రాన్స్‌లో ప్రతి కారులో అది ఉండి తీరాలి. రోడ్డు పక్క ఇనుప కడ్డీకి అవతల నిలబడండి. రైతుల బారికేడ్ దగ్గర కాల్చిన మాంసం వాసన వస్తే ఆశ్చర్యపోకండి. వంట అక్కడే చేసుకుంటారు, ఆగినవాళ్లకు కాఫీ పోయడమూ కద్దు.

పిల్లాడికి ఒంట్లో బాగోలేదు, బండి కదలట్లేదు. ఎవరికి ఫోన్ చేయాలి?

112. యూరప్ అంతటా ఇదే నంబరు, ఇంగ్లీషులో మాట్లాడవచ్చు. వైద్యానికి నేరుగా 15, అగ్నిమాపక దళానికి 18. హైవే నంబరు, ఏ ఊరి వైపు వెళ్తున్నారో, పక్కన చిన్న బోర్డు మీద కిలోమీటరు అంకె ఎంతో చెప్పండి. ఫోను పనిచేయకపోతే హైవే పక్కన దాదాపు 2 కిలోమీటర్లకొకటి నారింజ రంగు ఫోను స్తంభం ఉంటుంది. నిరసనకారులకు కూడా చెప్పండి. అంబులెన్సుకు దారి వదలడం వాళ్లలో గట్టిగా పాటించే నియమం.

టోల్ గేటు ఎత్తి ఊరికే పొమ్మంటున్నారు. తరువాత బిల్లు వస్తుందా?

చట్టం చూస్తే టోల్ బాకీ మీదే. 2018 డిసెంబరులో వాన్సీ హైవే కంపెనీ కెమెరాల్లో నంబరు ప్లేట్లు చూసి బిల్లులు పంపుతామని ప్రకటించింది. దేశమంతా మండిపడింది, మంత్రులూ తప్పుబట్టారు, ఒకటి రెండు రోజుల్లోనే కంపెనీ ఆ మాట వెనక్కి తీసుకుంది. గేటు దగ్గర హుండీ పట్టుకుని నిలబడేవాళ్లకు చందా ఇవ్వడం మీ ఇష్టం, బలవంతం లేదు.

## లారీ తోలేవాళ్లకు

కార్లను వదిలి లారీలనే ఎందుకు ఆపుతున్నారు?

కారు ఆగితే ఒక కుటుంబం విసుక్కుంటుంది. లారీ ఆగితే మర్నాటికి సూపర్ మార్కెట్లో అరలు ఖాళీ, ఫ్యాక్టరీలో పని నిలుపు. మంత్రికి ఫోను వెళ్లేది అప్పుడే. ఆందోళన రైతులదైతే విదేశీ నంబరు ప్లేటున్న ఫ్రీజర్ లారీ మీదే కన్ను. స్పెయిన్ టమాటాలు, వైను తమ ధరను పడగొడుతున్నాయని వాళ్ల ఫిర్యాదు. లోపల ఏముందో కాగితాలు అడుగుతారు. పశువుల లారీలను, మందుల లారీలను సాధారణంగా వదులుతారు.

బండి కదలకపోయినా నా డ్రైవింగ్ గంటలు పోతాయా?

అందరినీ దెబ్బతీసే ప్రశ్న ఇది, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. యూరప్ నియమం 561/2006 ప్రకారం నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాల విరామం, రోజుకు 9 గంటల డ్రైవింగ్, వారానికి రెండుసార్లు 10. రోజుకు 11 గంటల విశ్రాంతి, మూడుసార్లు దాన్ని 9కి కుదించుకోవచ్చు.

వరుసలో జరుగుతూ ఆగుతూ ఉంటే టాకోగ్రాఫ్, అంటే డ్రైవింగ్, విశ్రాంతి సమయాలు నమోదు చేసే మీటరు, నిమిషాల లెక్క చూస్తుంది. ఒక నిమిషంలో ఏ పని ఏకధాటిగా ఎక్కువసేపు సాగితే ఆ నిమిషం దాని కిందికి వెళ్తుంది. ముందు నిమిషం, తరువాతి నిమిషం డ్రైవింగ్ అయితే మధ్య నిమిషమూ డ్రైవింగే. కాబట్టి ప్రతి నిమిషం అడుగు జరిపే బదులు, ముందు ఖాళీ ఏర్పడనిచ్చి ఒకేసారి జరపడం లాభం.

బండి ఆగగానే మీటరు తనంతట తాను సుత్తుల గుర్తుకు మారుతుంది, అంటే ఇతర పని. విశ్రాంతికి మంచం గుర్తు మీరే నొక్కాలి. కానీ నొక్కినంత మాత్రాన విరామం అయిపోదు. ఏ క్షణాన బండి జరపాల్సి వస్తుందో అని స్టీరింగు పట్టుకుని కూర్చుంటే అది విరామం కాదు, ఆ సమయం మీ చేతిలో లేదు. రోడ్డు పూర్తిగా మూతపడి, ఇంజను ఆపి, పడుకోగలిగిన స్థితి ఉంటేనే విశ్రాంతిగా రాయండి. పోలీసులు 11 గంటల విశ్రాంతి మధ్యలో లేపి బండి జరపమంటే, ఆ సంగతి మీటరులోని కాగితం రోల్ మీద ప్రింట్ తీసి వెనక చేత్తో రాసుకోండి: సమయం, చోటు, ఎవరు చెప్పారు.

ఓనరు "ఎలాగైనా వచ్చెయ్" అంటున్నాడు. గంటలు దాటి నడపొచ్చా?

సురక్షితంగా ఆపుకునే చోటు చేరేవరకే. 561/2006 నియమంలోని 12వ అధికరణం మనుషుల, బండి, సరుకు భద్రత కోసం అంతవరకు సడలింపు ఇస్తుంది. ఇంటికో, కంపెనీ డిపోకో వారపు విశ్రాంతికి చేరడానికి ఒక గంట, ముందు 30 నిమిషాల విరామం తీసుకుంటే రెండు గంటలు అదనంగా నడపవచ్చని 2020లో చేర్చారు. దిగగానే ప్రింటౌట్ వెనక కారణం రాయాలి. తనిఖీలో గత 56 రోజుల రికార్డు అడుగుతారు కాబట్టి దాన్ని దాచుకోండి.

ఇంకో మెలిక ఉంది. అనుకోని ఆటంకానికే ఈ సడలింపు అని యూరప్ న్యాయస్థానం 1995లో తేల్చింది. రాస్తారోకో గురించి వారం నుంచి టీవీలో వస్తుంటే, గంటలు దాటుతాయని తెలిసే ఓనరు పంపితే, ఆ వాదన నిలవదు. "ఎలాగైనా రా" అన్న మెసేజి ఫోనులో ఉంచుకోండి, తుడిచేయకండి.

శనివారం రాత్రి బారికేడ్ ఎత్తేశారు. ఆదివారం నడపొచ్చా?

7.5 టన్నులు దాటిన లారీలకు ఫ్రాన్స్‌లో శనివారం రాత్రి 10 నుంచి ఆదివారం రాత్రి 10 వరకూ నిషేధం. త్వరగా పాడయ్యే సరుకుకు మినహాయింపు ఉంది. పెద్ద దిగ్బంధం తరువాత ప్రభుత్వం కొన్నిసార్లు నిషేధాన్ని ఎత్తేస్తుంది, ఆ ఉత్తర్వు చూశాకే కదలండి. బారికేడ్ ఎత్తినా రోడ్డు వెంటనే తెరుచుకోదు. కాలిన టైర్ల కింద తారు కరిగి ఉంటుంది, పేడ కడగాలి, కడ్డీలు బిగించాలి.

తలుపు తెరిచి సరుకు కింద పోస్తున్నారు. ఏం చేయాలి?

ఎదురుతిరగకండి. సరుకుకు బీమా ఉంటుంది. క్యాబిన్ తాళం వేసి, పాస్‌పోర్టు, డ్రైవర్ కార్డు, కాగితాలు దగ్గర పెట్టుకోండి. సురక్షితంగా ఉంటే ఫోటోలు తీయండి: సీలు, తలుపు, పోసిన సరుకు, చోటు. కంపెనీకి వెంటనే చెప్పండి. పోలీసులకు ఫిర్యాదు రాయించి నకలు తీసుకోండి. ఆ కాగితం లేకుండా బీమా కంపెనీ ముందు నిలబడటం కష్టం. సరుకు రవాణా చీటీ మీద జరిగినది రాయండి.

స్పెయిన్ నుంచి ఫ్రాన్స్ తగలకుండా పోయే దారి ఉందా?

రోడ్డు మీద లేదు. పిరనీస్ పర్వతాలు దాటితే వచ్చేది ఫ్రాన్సే. అండోరా గుండా వెళ్లినా చివరికి అక్కడికే. అందుకే తూర్పున ల పెర్తూస్, పడమర బిరియాతూ సరిహద్దులు ఆందోళనకారులకు అంత ఇష్టం. 2024 జూన్ 3న రెండు దేశాల రైతులూ కలిసి అక్కడ కనుమలు మూశారు. సముద్రం మాత్రం ఉంది: బార్సిలోనా నుంచి ఇటలీకి, సాంతాందేర్, బిల్బావో నుంచి ఇంగ్లండ్‌కు లారీలెక్కే ఓడలున్నాయి. ఖర్చెక్కువ, చోటు ముందే నిండుతుంది.

## బయటపడ్డాక

దారిలో ఆగి ఫ్లైట్ మిస్ అయింది. డబ్బు వస్తుందా?

విమానం తన వేళకు లేచి మీరు అందుకోలేకపోతే యూరప్ విమాన ప్రయాణికుల నియమం 261/2004 కింద పరిహారం లేదు. ప్రయాణ బీమాలో "రోడ్డు అడ్డంకి వల్ల విమానం తప్పిపోవడం" అన్న మాట ఉందేమో చూడండి. టికెట్ కొన్న తరువాత ఆందోళన ప్రకటించారా, ముందా అన్నది బీమా వాళ్లు అడిగే మొదటి ప్రశ్న. తిరుగు టికెట్ కూడా రద్దు కాకుండా ఎయిర్‌లైన్‌కు అదే రోజు ఫోన్ చేయండి.

బస్సు టికెట్ ఉంది, బస్సు రద్దు చేశారు. నా హక్కేమిటి?

దూరం 250 కిలోమీటర్లు దాటితే 181/2011 నియమం వర్తిస్తుంది. రద్దయినా, బయలుదేరడం 2 గంటలకు మించి ఆలస్యమైనా, వేరే దారిలో పంపడమో డబ్బు తిరిగివ్వడమో మీరే ఎంచుకోవచ్చు. ఆ ఎంపిక ఇవ్వకపోతే టికెట్‌లో సగం అదనంగా చెల్లించాలి.

ఇరుక్కుపోయి షెంగెన్ వీసా గడువు దాటిపోయేలా ఉంది. ఏం చేయాలి?

గడువు దాటకముందే ప్రిఫెక్చర్‌కు వెళ్లండి. మీ చేతిలో లేని కారణం వల్ల తిరిగి వెళ్లలేకపోతే వీసా నియమావళి 33వ అధికరణం కింద ఉచితంగా పొడిగించే వీలుంది. పాత టికెట్, కొత్త టికెట్, రోడ్డు మూసినట్టు చూపే ప్రకటన పట్టుకెళ్లండి. ఒక్కరోజే కదా అని ఊరుకుంటే, మళ్లీ వీసాకు దరఖాస్తు చేసినప్పుడు ఆ ఒక్కరోజుకే జవాబు చెప్పుకోవాలి.

సరుకు ఆలస్యమైంది, కొంత కుళ్లిపోయింది. నష్టం ఎవరు భరిస్తారు?

దేశాల మధ్య రవాణాకు 1956 నాటి సీఎంఆర్ ఒప్పందం ఉంది. తప్పించుకోలేని, ఆపలేని పరిస్థితి వల్ల నష్టం జరిగిందని చూపిస్తే రవాణా కంపెనీకి బాధ్యత ఉండదు. అయితే వేరే దారి ఉందా, ముందే తెలుసా అని కోర్టు చూస్తుంది. ఆలస్యానికి పరిహారం కిరాయిని మించదు. సరుకు తీసుకున్నవాళ్లు 21 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అదీ లేదు.

ఫ్రెంచి ప్రభుత్వాన్నీ అడగవచ్చు. గుంపులు బలప్రయోగంతో చేసిన నేరాల నష్టానికి రాజ్యానిదే బాధ్యత అని అంతర్గత భద్రతా చట్టం ఎల్211-10 చెబుతుంది. స్పెయిన్ స్ట్రాబెర్రీల లారీలపై ఏళ్ల తరబడి దాడులు జరుగుతుంటే చేతులు కట్టుకుని చూసినందుకు ఫ్రాన్స్‌ది తప్పని యూరప్ న్యాయస్థానం 1997 డిసెంబరు 9న తీర్పిచ్చింది. అదే న్యాయస్థానం 2003లో, ఆస్ట్రియా బ్రెన్నర్ కనుమను పర్యావరణవాదులు అనుమతితో, శాంతియుతంగా దాదాపు 30 గంటలపాటు మూసిన కేసులో రవాణా కంపెనీ వాదనను ఒప్పుకోలేదు. కాబట్టి మీ దావాలో రాయాల్సిన మొదటి విషయం ఎన్ని గంటలు ఆగారన్నది కాదు, అక్కడ దౌర్జన్యం జరిగిందా లేదా అన్నది.